పేగుల సమస్యకు మనసు–శరీరం కోచింగ్: అర్హతగల కోచ్‌ను ఎలా గుర్తించాలి?

మా అక్కకు ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ (పేగుల పనితీరు గాడితప్పే సమస్య) ఉందని గ్యాస్ట్రోఎంటరాలజిస్టు నిర్ధారించారు. కొలనోస్కోపీలోనూ రక్తపరీక్షల్లోనూ లోపమేమీ కనిపించలేదు. అయినా, ఉపాధ్యాయురాలైన ఆమెకు బడిలో పరీక్షలు దగ్గరపడేకొద్దీ కడుపులో మెలిపెట్టే నొప్పి, బస్సెక్కే వేళకు మళ్లీ మళ్లీ విరేచనానికి పరుగెత్తడం తప్పడం లేదు. "అంతా నీ మనసులోనే ఉంది" అని చుట్టాలు అనడం ఆమెను మరింత బాధపెడుతోంది. మెదడుకూ పేగులకూ మధ్య వేగస్ నాడి ద్వారా రెండువైపులా సంకేతాలు నడుస్తాయనీ, ఆందోళన పేగుల కదలికనే మార్చేస్తుందనీ డాక్టరు వివరించాక, ఆ మాట ఎంత అన్యాయమో నాకు అర్థమైంది.

ఇప్పుడు ఒక వెల్‌నెస్ కోచ్ శ్వాస సాధన, ధ్యానం నేర్పుతామంటున్నారు. అంతవరకు సంతోషమే. మందులతో ఏడాదైనా గుణం కనిపించనివారికి కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీని (ఆలోచనల, అలవాట్ల తీరును మార్చే మాటల చికిత్స), హిప్నోథెరపీని (గాఢ విశ్రాంతి స్థితిలో సూచనలిచ్చే చికిత్స) పరిశీలించాలని బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2008 మార్గదర్శకాల్లోనే సూచించింది. కానీ ఈ కోచ్ మందులు క్రమంగా మానేయవచ్చని చెప్పడం, రుసుమంతా ముందే కట్టమనడం నాకు మింగుడుపడడం లేదు. మందుల విషయం తేల్చాల్సింది వైద్యులేనని నా గట్టి అభిప్రాయం.

క్లినికల్ సైకాలజిస్టులకైతే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనే చట్టబద్ధ సంస్థ రిజిస్ట్రేషన్ ఉంటుంది. మరి కోచ్ అర్హతను దేన్నిబట్టి తేల్చుకోవాలి? పేగుల సమస్యకు ఇలాంటి థెరపీని తెలుగులో, హైదరాబాద్‌లోగానీ ఆన్‌లైన్‌లోగానీ, మీరో మీవాళ్లో తీసుకున్నారా? ఎన్నాళ్లకు తేడా తెలిసింది, డాక్టరుకూ థెరపిస్టుకూ మధ్య సమన్వయం ఎలా కుదిరింది? దయచేసి మీ అనుభవం వివరంగా రాయగలరు.