కేసెట్‌లో విన్న పాట, డౌన్‌లోడ్ చేసిన పాట ఒకటేలా ఎందుకు లేవు?

తెనాలి శ్రోత:
సభ్యులకు నమస్కారం. 1986లో ఇంటర్ చదివే రోజుల్లో, తెనాలిలో ఒక రికార్డింగ్ షాపులో పాటల పేర్లు కాగితం మీద రాసిచ్చి, వారం తరువాత పన్నెండు సినిమా పాటలు ఎక్కించిన సిక్స్టీ కేసెట్ తెచ్చుకున్నాను. ఈ మధ్య ఆ పన్నెండు పాటలనూ ఐట్యూన్స్‌లో కొని డౌన్‌లోడ్ చేసుకున్నాను. ఎ సైడు చివరి పాట రెండో చరణం మధ్యలో టేపు అయిపోయి ఆగిపోయేది కనుక, దాని ముగింపును తీరిగ్గా వినడం ఇన్నాళ్లకు కుదిరింది. అయితే పాటలన్నీ కొంచెం నెమ్మదిగా, గొంతులు కొంచెం బరువుగా వినిపిస్తున్నాయి. రెండు పాటల్లో నాకు గుర్తులేని డప్పుల మోత కూడా ఉంది. పైగా, అదే రోజుల్లో విజయవాడ రేడియో నుంచి మా టేప్‌రికార్డరులో పట్టుకున్న ఒక లలితగీతం ఎక్కడా అమ్మకానికి దొరకడం లేదు. తప్పు నా జ్ఞాపకానిదా, ఈ ఫైళ్లదా?

టేపుల మరమ్మతు:
శ్రోత గారూ, వేగం విషయంలో తప్పు మీ కేసెట్‌దే కావచ్చు. కేసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడవాలి. షాపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరుగుతూ రికార్డు చేసినా, మీ ఇంటి యంత్రం కాస్త వేగంగా తిరిగినా, పాట పరుగెత్తడంతో పాటు శ్రుతి కూడా పెరుగుతుంది. ఆరు శాతం తేడా వచ్చిందంటే ఒకటి శ్రుతిలో పాడిన పాట ఒకటిన్నరకు, అంటే అర మెట్టు పైకి, చేరినట్లే. అయిదు నిమిషాల పాట దాదాపు 17 సెకన్ల ముందే ముగుస్తుంది. గడియారం పెట్టుకొని రెండింటినీ కొలిచి చూడండి.

గ్రామఫోను పెట్టె:
డప్పుల సంగతి వేరు. పాత పాటలకు కొత్త తాళవాద్యాలు చేర్చి అమ్మడం కేసెట్ల కాలం నుంచే ఉంది. అటువంటివీ, వేరే గాయకులు మళ్లీ పాడినవీ అసలు పాటల పక్కనే అమ్మకానికి ఉంటాయి కనుక, కొనే ముందు గాయకుల పేర్లూ పాట నిడివీ సరిచూసుకోవాలి. ఉచితంగా దొరికే ఫైళ్ల జోలికి మాత్రం వెళ్లకండి. సెకనుకు 128 కిలోబిట్లకు కుదించిన ఫైలునే మళ్లీ మార్చి 320 అని పేరు పెట్టినవి వాటిలో ఉంటాయి. కుదించినప్పుడు పోయిన నాదం అంకె పెంచినంత మాత్రాన తిరిగి రాదు. అదీగాక, మన చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగులకు, అవి వెలువడిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ల కాపీరైట్ ఉంటుంది. 1980ల నాటి పాటలకు ఆ గడువు ఇంకా తీరలేదు.

లలితగీతాల అభిమాని:
ఆకాశవాణి లలితగీతాలు ప్రధానంగా ప్రసారం కోసం రికార్డు చేసినవి. వాటిలో చాలావాటిని ఎవరూ రికార్డుగా గానీ కేసెట్‌గా గానీ వెలువరించలేదు. పాలగుమ్మి విశ్వనాథం గారు రాసి స్వరపరచగా వేదవతీ ప్రభాకర్ గారు పాడిన "అమ్మ దొంగా" వంటి గీతాలను మనం ఈనాటికీ వినగలుగుతున్నామంటే, ఇళ్లలో టేపు చేసుకున్న శ్రోతల చలవ కూడా అందులో ఉందని నా నమ్మకం. మీరు పట్టుకున్న గీతం మరెక్కడా మిగిలి ఉండకపోవచ్చు కాబట్టి ఆ కేసెట్‌ను సరదాకు వేయకండి. ముందు ఒకసారి చివరిదాకా చుట్టి, మళ్లీ వెనక్కి చుట్టండి. టేపును హెడ్డుకు అదిమి ఉంచే చిన్న స్పాంజి ముక్క ఊడిపోయిందేమో చూడండి. తరువాత కంప్యూటరుకు కలిపి, 44.1 కిలోహెర్ట్‌జ్, 16 బిట్ల వేవ్ ఫైలుగా ఎక్కించండి. గంట టేపుకు సుమారు 600 మెగాబైట్లు పడుతుంది. ఎంపీ3 కావాలంటే దాని నుంచి ఎప్పుడైనా చేసుకోవచ్చు, మూలం మాత్రం కుదించకుండా ఉండాలి.

తెనాలి శ్రోత:
అందరికీ కృతజ్ఞతలు. అటక మీది టేప్‌రికార్డరు దించి, సినిమా పాటల కేసెట్ ఒక్కటే వేసి కొలిచాను. డౌన్‌లోడ్‌లో 4 నిమిషాల 36 సెకన్లున్న పాట కేసెట్‌లో 4 నిమిషాల 22 సెకన్లకే ముగిసింది, అంటే తేడా అయిదు శాతం పైనే. యంత్రం ఆనాడూ ఇదే వేగంతో తిరిగేదని చెప్పలేను గానీ, చెవికి మాత్రం అప్పటిలాగే ఉంది. డప్పులున్న రెండు పాటలకూ అసలు ప్రతులు దొరికాయి. టేప్‌రికార్డరు బెల్టు మార్పించేదాకా లలితగీతం కేసెట్‌ను ముట్టుకోను. ఒక్క మాట: ఆ రోజుల్లో ఈ పాటలతో గొంతు కలపబోయి, పై స్థాయి అందక, నాకు పాట రాదని తేల్చుకున్నాను. నిన్న అసలు శ్రుతిలో పాడి చూస్తే పల్లవి అంతా అందింది, అనుపల్లవి దగ్గర మాత్రం మళ్లీ చిక్కింది.