నార్వే వంటల పుస్తకంలోని మాటల గురించి సందేహాలు

నమస్కారం. ఓస్లోలో ఉంటూ, నార్వీజియన్ వంటల పుస్తకం ఎదురుగా పెట్టుకొని వండటం నేర్చుకుంటున్న నాకు, నిఘంటువు చెప్పే అర్థానికీ పొయ్యి మీద జరిగేదానికీ పొంతన కుదరడం లేదు. రొమ్మె అంటే పులిసిన మీగడ అని చదివి, గత ఆదివారం రొమ్మెగ్రోట్ అనే జావకు కొవ్వు తక్కువగా ఉండే లెట్‌రొమ్మె వాడాను. పిండి కలిపి ఎంతసేపు ఉడికించినా, పైకి తేలవలసిన వెన్న చుక్కైనా తేలలేదు. దానికి 35 శాతం కొవ్వు ఉండే సేటర్‌రొమ్మే కావాలని డబ్బా మీది అంకెలు చూశాకే అర్థమైంది. ఎస్ఎస్ అంటే పెద్ద చెంచా, టీఎస్ అంటే చిన్న చెంచా, డీఎల్ అంటే 100 మిల్లీలీటర్లు అన్నంతవరకు ఇబ్బంది లేదు.

తెలిసినవారు దయచేసి రెండు సంగతులు చెప్పగలరు. స్టేకె అనే ఒకే క్రియను పెనం మీద వేయించడానికీ ఓవెన్‌లో కాల్చడానికీ వాడుతున్నారు కనుక, ఉష్ణోగ్రత రాయని వంటకాల్లో ఏది ఉద్దేశమో ఎలా పోల్చుకోవాలి? దుప్పికొమ్ము ఉప్పు అని అర్థం వచ్చే యోర్టెటాక్‌సాల్ట్ నిజానికి అమ్మోనియం బైకార్బొనేట్ (ఓవెన్ తెరవగానే ముక్కుకు తగిలే ఘాటు దానిదే). పలుచని బిస్కట్లలో దాని బదులు మన వంటసోడా వేస్తే ఆ కరకరలాడే గుణం వస్తుందా, లేక బేకింగ్ పౌడర్ మేలా? కొలత కూడా చెబితే మరీ మంచిది.