గండు చీమల గూడు మూత తీసి, లైటు వేసి వీడియో తీయొచ్చా?

తొలివాన:
మాది హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాట్. పోయినేడు జూన్‌లో తొలి వాన పడ్డ మర్నాడు, రెక్కలు రాల్చుకుని మెట్ల మీద తిరుగుతున్న గండు చీమ రాణి దొరికింది. టెస్ట్ ట్యూబులో నీళ్ళు పోసి, దూది అడ్డం పెట్టి, అందులో వదిలి నల్ల గుడ్డ చుట్టి అల్మారాలో పెట్టాను. ఇప్పుడు అరవై దాకా కూలి చీమలున్నాయి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో గూడు చేశాను. పైన గాజు పలక, దాని మీద అట్ట మూత.

నెల రోజులుగా ఫోన్‌కి మాక్రో లెన్స్ తగిలించి వీడియోలు తీస్తున్నాను. మూత తీసి రింగ్ లైట్ వేయగానే అన్నీ పిల్ల పురుగులను నోట కరుచుకుని మూలలకు పరుగెడతాయి. జనం ఎక్కువగా చూసేది ఆ పరుగే. నిన్న ఒక ఫ్రెండ్ చూసి, "కొంప అంటుకున్నట్టు పారిపోతుంటే నీకు ముచ్చటగా ఉందా?" అన్నాడు. అప్పటినుంచి మనసు ఊరుకోవడం లేదు. తీయడం మానేయాలా?

నల్లగుడ్డ:
మానేయండి. గూటి లోపల అసలు తీయొద్దనే నేనంటాను.

నా మొదటి రాణి పదకొండు గుడ్లు పెట్టింది. రోజూ ఆఫీసు నుంచి రాగానే గుడ్డ విప్పి, ఫోన్ టార్చ్ వేసి, గుడ్లు లెక్కపెట్టి ఫొటో తీసేదాన్ని. పదో రోజుకి ఏడే ఉన్నాయి. మర్నాడు మూడు. ఆ తర్వాత ఒక్కటీ లేదు, తనే తినేసింది. ఆ రోజుల్లో రాణి బయటికి వెళ్ళి తిండి తెచ్చుకోదు. రెక్కలు రాలాక, వాటిని ఆడించిన కండరాలే కరిగి తనకూ తొలి పిల్లలకూ తిండి అవుతాయి. అలా ఒంట్లో సత్తువంతా పోసి పెట్టిన గుడ్లు అవి. టార్చ్ వల్లే పోయాయని ఒట్టేసి చెప్పలేను. కానీ రెండో రాణిని నెల రోజులు కదపకుండా ఉంచాను, పిల్లలు దక్కాయి.

గాజుపలక:
అక్కా, మీరు చెప్పింది ట్యూబులో ఒంటరిగా ఉన్న రాణి సంగతి. అప్పుడు ముట్టుకోకూడదు, అందులో నాకూ అనుమానం లేదు. అరవై చీమలున్న గూడు వేరు.

ఇంగ్లండులో జాన్ లబ్బాక్ అనే ప్రకృతి పరిశోధకుడు గాజు పలకల మధ్య చీమలను పెంచి ఏళ్ళ తరబడి చూశాడు. 1874లో తెచ్చుకున్న రాణి ఒకటి 1888 దాకా బతికింది. చూడటమే చంపుతుందంటే అన్నాళ్ళు బతికేది కాదు కదా. ఆయనే గూటి మీద రంగురంగుల గాజులు పరిచి చూశాడు. చీమలు పిల్లలను ఊదా గాజు కింద ఉంచలేదు, మోసుకుపోయి ఎర్ర గాజు కింద చేర్చాయి. చాలా రకాల చీమల కంటికి ఎరుపు సరిగ్గా ఆనదు. కాబట్టి తొలివాన గారూ, రింగ్ లైట్ మీద ఎర్ర జెలటిన్ పేపర్ రెండు పొరలు కట్టండి. వీడియో ఎర్రగా వస్తుంది, దాన్ని బ్లాక్ అండ్ వైట్ చేసుకుంటే సరి.

ఇంకో సంగతి. మీ స్టాండు, గూడు ఒకే టేబుల్ మీద ఉన్నాయా? గాలిలో వచ్చే చప్పుడు చీమలు పెద్దగా పట్టించుకోవు, కింద అదిరితే మాత్రం కాళ్ళతోనే పసిగడతాయి. ప్రమాదమొస్తే గండు చీమలు పొట్టతో నేలను టకటకా కొట్టి ఒకదానికొకటి కబురు చెప్పుకునేది కూడా ఆ అదురుతోనే. మీరు ఫోన్ సర్దిన ప్రతిసారీ వాటికి అలాంటి అదురే చేరుతోంది.

నల్లగుడ్డ:
ఎరుపు కనబడకపోయినా వేడి తగులుతుంది తమ్ముడూ. గాజు కింద ఉన్నది వేలెడు గది. లబ్బాక్ చూసింది తెలుసుకోవడానికి. ఇక్కడ పరుగు బాగుందని మళ్ళీ మళ్ళీ మూత తీస్తున్నారు, నాకు బాధ అక్కడే.

దగ్గరగా చూపించాలంటే తిండి పెట్టే అరలో తీయండి. చక్కెర నీళ్ళు తాగి వచ్చిన చీమను చూశారా? పొట్ట ఉబ్బి, నల్ల పట్టీల మధ్య పల్చటి పొర చారలు చారలుగా బయటపడుతుంది. ఆకలిగా ఉన్నది ఎదురొచ్చి మీసాలతో తడుతుంది. రెండూ నోరూ నోరూ ఆనిస్తాయి, మధ్యలో నీటి బొట్టు మెరుస్తుంది. అంత అందమైనది మూత తీయకుండానే దొరుకుతుంటే వాటిని బెదరగొట్టడం ఎందుకు?

మామిడికొమ్మ:
మాది నూజివీడు వైపు. మా తోటలో ఎర్ర చీమలు ఆకులు కుట్టి గూళ్ళు కడతాయి. కూలి చీమలు ఆకు అంచులు దగ్గరికి లాగి పట్టుకుంటే, ఇంకొన్ని పిల్ల పురుగులను నోట పట్టుకుని అటూ ఇటూ తిప్పుతాయి. వాటి నుంచి వచ్చే పట్టుదారంతోనే కుట్టు పడుతుంది. చెట్టు దగ్గరికే ఫోన్ తీసుకెళ్తాను, కుడితే ఓర్చుకుంటాను. పెట్టెలో పెంచడం మీదే నాకు అభ్యంతరం, లైటు సంగతి తర్వాత.

తొలివాన:
మామిడికొమ్మ గారూ, ఇంట్లో పుట్టినవాటిని ఇప్పుడు బయట వదలలేను, అక్కడి చీమలు బతకనివ్వవు. అందుకే ఉన్నవాటిని సరిగ్గా చూసుకోవడం గురించే అడుగుతున్నాను.

నిన్న రాత్రి స్టాండు నేల మీదికి మార్చాను. లైటు మూరెడు దూరంలో పెట్టి ఎర్ర పేపర్ కట్టాను. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, ఫోన్‌లో షట్టర్ వేగం సెకనులో 1/50 వంతు పెడితే, లైటు మిణుకు వల్ల వీడియోలో పడే చారలు పోయాయి. అట్ట మూత నిమిషానికి కొంచెం చొప్పున జరిపాను. రెండు చీమలు మీసాలు ఎత్తి చూశాయి, అంతే. పరుగు లేదు.

పదకొండు నిమిషాలు తీశాను. ఎనిమిదో నిమిషంలో రాణి పొట్ట వంచింది. గుడ్డు సగం బయటికి వచ్చి ఆగింది. బియ్యపు నూక కన్నా చిన్నది, తడితడిగా మెరుస్తోంది. పక్కనున్న చిన్న కూలి చీమ దాన్ని దవడలతో మెల్లగా అందుకుని, నాకి, గుడ్ల కుప్పలో అంటించింది. రింగ్ లైట్ వేసిన నెలంతా నాకిది ఒక్కసారీ కనబడలేదు. ఆ పాత పరుగు వీడియోలన్నీ తీసేశాను.

నల్లగుడ్డ:
ఇది చూడాలని నాకూ ఉంది, పెట్టండి. లోపల తీయొద్దనే ఇప్పటికీ అంటాను. ఆ గుడ్లు పిల్లలయ్యేదాకా మాత్రం మూత తీయకండి.

గాజుపలక:
అక్క చెప్పిన ఈ మాటకు నేనూ ఒప్పుకుంటాను.