కొత్త స్పోర్ట్స్ కారు చేతికి రాగానే లాభానికి అమ్మేయడం: హక్కా, అన్యాయమా?

మూడోగేరు
రెండేళ్ల రెండు నెలలు ఎదురుచూశాను. అడ్వాన్సు కట్టాను, రంగు ఎంచుకున్నాను, మాన్యువల్ గేరుబాక్సు ఉన్నదే కావాలని రాసిచ్చాను. పోయిన నెల షోరూము నుంచి ఫోను వచ్చింది. మీ వంతు రాకముందే కేటాయింపు అయిపోయింది, ఈ మోడల్ ఇక తయారు కాదు అన్నారు. నాలుగు రోజులు తిరగకుండానే అదే మోడల్, అదే రంగు కారు అమ్మకానికి ఉందని ప్రకటన కనిపించింది. ధర షోరూము ధరకు ఒకటిన్నర రెట్లు.

చూడటానికి వెళ్లాను. ఓడోమీటరు మీద 43 కిలోమీటర్లు. డ్రైవరు సీటుకు ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. కొత్త టైర్ల మీద వెంట్రుకల్లా పొడుచుకొచ్చే రబ్బరు పోగులు ఉంటాయే, అవి పక్కల్లో ఒక్కటీ రాలలేదు. రెండో తాళంచెవి సీలు తీయని సంచిలోనే ఉంది. ఆ ఇంజను ఒక్కసారైనా పూర్తిగా వేడెక్కిందో లేదో! నడుపుదామనుకున్నవాడి వంతును నడపనివాడు తీసుకుని, ఆ వంతునే తిరిగి మనకు అమ్ముతున్నాడు. సినిమా టికెట్లు బ్లాకులో అమ్మితే తప్పంటాం. ఇది మాత్రం వ్యాపారం ఎలా అయింది?

ఇనుపగుర్రం
మీ బాధ అర్థమైంది. కానీ తన డబ్బుతో కొన్న వస్తువును ఎప్పుడు అమ్మాలో, ఎంతకు అమ్మాలో యజమాని ఇష్టం. ఇల్లు కొని మరునాడే అమ్మితే ఎవరూ అడగరు. షేరు కొని సాయంత్రానికే అమ్మితే తెలివైనవాడంటారు. కారు దగ్గరికి వచ్చేసరికి నీతి ఎందుకు మారాలి? ఆ ధర ఆయన నిర్ణయించలేదు. అంత ఇస్తామని ముందుకొచ్చేవాళ్లు నిర్ణయించారు.

నిలువుగీత
ఇంటితో పోలిక కుదరదు. ఇల్లు కొనడానికి ఎవరూ వరుసలో నిలబెట్టి ఎంపిక చేయరు.

లెక్కలమనిషి
ఒక సందేహం. రిజిస్ట్రేషన్ అయిపోయిన కారును కొత్త కారు అని ఎలా అంటున్నారు? 43 కిలోమీటర్లు తిరిగినా, ఒక పేరు మీద నమోదైతే అది వాడిన కారే. కొనేవాడు రెండో యజమాని అవుతాడు. రెండో యజమాని మొదటివాడికన్నా ఎక్కువ ధర ఎందుకు పెట్టాలి? ముందు దీనికి జవాబు చెప్పండి.

దస్తావేజు
హక్కు అన్న మాట దగ్గరే కాసేపు ఆగాలి. 2016లో ఫోర్డ్ కొద్ది సంఖ్యలోనే చేసే జీటీ అనే స్పోర్ట్స్ కారుకు దరఖాస్తులు పిలిచింది. అప్పటికి అనుకున్నవి 500 కార్లు, పూర్తిగా నింపి పంపిన దరఖాస్తులు 6,506. ఎంపికైనవాళ్లు 24 నెలల పాటు అమ్మబోమని ఒప్పుకొని సంతకం చేశారు. కుస్తీవీరుడు, నటుడు జాన్ సీనా కూడా అలా కొన్నవాడే. కారు చేతికందిన కొద్ది వారాలకే అమ్మేశాడు. 2017 నవంబరులో ఫోర్డ్ కోర్టుకెక్కింది. 2018లో రాజీ కుదిరింది. సీనా క్షమాపణ చెప్పాడు, కొంత సొమ్ము చెల్లించాడు, ఆ సొమ్మును దానధర్మాలకు ఇస్తామని ఫోర్డ్ ప్రకటించింది. కాబట్టి యజమాని ఇష్టం అనేది సంతకం పెట్టేవరకే. మాట ఇచ్చాక అది మాట తప్పడమే.

ఇనుపగుర్రం
ఆ ఏడాదే జరిగిన రెండో కథ కూడా చెప్పాలి కదా, దస్తావేజు గారూ. 2018 మేలో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో మీకమ్ అనే కార్ల వేలం సంస్థ వేలంలో మరో జీటీ 16.5 లక్షల డాలర్లకు పాడారు. కొత్తగా దాని ధర నాలుగున్నర లక్షల డాలర్ల చుట్టుపక్కల. ఆ అమ్మకాన్ని ఆపమని ఫోర్డ్ అడిగితే కోర్టు ఆపలేదు. అమ్మినాయన మొదట కొన్న మనిషి కాదు, ఆయన ఏ ఒప్పందం మీదా సంతకం చేయలేదు. ఒప్పందం సంతకం చేసినవాణ్నే పట్టుకుంటుంది, కారు వెంట నడిచిరాదు.

ఇంకో సంగతి. 2022లో జనరల్ మోటార్స్ తన స్పోర్ట్స్ కారు కార్వెట్ జెడ్06 వంటి మోడళ్లకు నిబంధన పెట్టింది. 12 నెలల లోపు అమ్మితే కొన్ని వారంటీలు కొత్త యజమానికి బదిలీ కావని అప్పట్లో చెప్పింది. బాగా ఆలోచించండి. దీనివల్ల శిక్ష ఎవరికి? లాభం తీసుకుని వెళ్లిపోయినవాడికి కాదు, ఎక్కువ డబ్బు పోసి కొనుక్కున్నవాడికి!

దస్తావేజు
సగమే చెప్పారు. అలా అమ్మినవాళ్లకు గిరాకీ ఉన్న మోడళ్ల బుకింగు మళ్లీ ఇవ్వబోమని కూడా ఆ కంపెనీయే చెప్పింది. జెడ్06ను ఏడాదిపాటు ఉంచుకున్నవాళ్లకు 5,000 డాలర్ల విలువైన రివార్డు పాయింట్లు ప్రకటించింది.

లెక్కలమనిషి
నా ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.

పాతఇంజను
మెకానిక్కుగా నాకు కనిపించేది వేరు. లాభం కోసం దాచిన కార్లు నా దగ్గరికి వస్తాయి. నెలల తరబడి కదలని కారుకు టైర్లు నేలకు ఆనినచోట చదునెక్కుతాయి. బ్యాటరీ చచ్చిపోతుంది. బ్రేకు డిస్కులకు తుప్పు పడుతుంది. పోయిన వారం ఒకటి తెచ్చారు. ఓడోమీటరు చూస్తే వంద కిలోమీటర్లు కూడా లేవు, బ్రేకు వేస్తే గరగరమని చప్పుడు. మొదటి వెయ్యి, రెండు వేల కిలోమీటర్లు పద్ధతిగా నడిపి ఇంజనును అలవాటు చేయాలి. అది కొన్నవాడు ప్రేమగా చేయాల్సిన పని. ఎవరి దగ్గరా ఆగకుండా మూడు చేతులు మారిన కారుకు ఆ పని ఎవరు చేస్తారు?

ఇనుపగుర్రం
కొని తెచ్చుకున్నవాడు చేస్తాడు. నడపాలన్న కోరిక లేకపోతే అంత డబ్బు ఎందుకు పోస్తాడు?

మూడోగేరు
మూడో చేతికి అమ్మడానికి పోస్తాడు! అసలు మీరు ఈ చర్చంతా ఎవరి తరఫున మాట్లాడుతున్నారు? చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకునే దళారులను ఇంత ఓపికగా వెనకేసుకొస్తున్నారంటే మీరూ ఆ వ్యాపారంలో ఉన్నట్టే. నాలాంటివాళ్లు జీతం దాచుకుని, ఏళ్ల తరబడి కలగని, చివరికి ఉత్త చేతులతో ఇంటికి పోవాలి. మీలాంటివాళ్లు ఒక్క సంతకంతో మా కల మీద లాభం తీసుకోవాలి. సిగ్గు అనిపించదా?

చల్లగాలి (నిర్వాహకులు)
వ్యక్తిగత ఆరోపణలు వద్దు. వాదన కారు గురించే సాగనివ్వండి.

ఇనుపగుర్రం
నిర్వాహకులు క్షమించాలి, దీనికి జవాబు చెప్పి తీరాలి.

నేను దళారిని కాను. నా జీవితంలో ఒక్క కారు కూడా లాభానికి అమ్మలేదు. నేను కొన్నవాణ్ని. మీరు చెప్పిన లాంటి ప్రకటన చూసి, షోరూము ధర మీద ఎంతో అదనంగా పోసి కొన్నవాణ్ని.

ఎందుకో చెబుతాను. ఆరేళ్ల కిందట ఒక షోరూముకు వెళ్లి, పరిమిత సంఖ్యలో తయారయ్యే ఒక మోడల్ కావాలని అడిగాను. మొత్తం సొమ్ము సిద్ధంగా ఉంది. కౌంటరు వెనక కూర్చున్నాయన నా చొక్కా వైపు ఒకసారి చూసి, "ఇంతకుముందు మా దగ్గర ఏమేం కొన్నారు?" అని అడిగాడు. ఏమీ కొనలేదన్నాను. ఫారం తీయబోయిన చెయ్యి సొరుగులోకి వెనక్కి పోయింది. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కనిపిస్తూ ఉంటుంది. ముందు వాళ్ల దగ్గర నాకు అక్కరలేని రెండు మూడు కార్లు కొంటే, అప్పుడు జాబితాలో నా పేరు గురించి ఆలోచిస్తారట.

మూడోగేరు గారూ, మీరు వరుస అంటున్నారు. నాకు ఆ వరుసలో నిలబడే అర్హతే ఇవ్వలేదు. తిరిగి అమ్మినవాడు మాత్రం నా చొక్కా చూడలేదు, చరిత్ర అడగలేదు. ధర చెప్పాడు, ఇచ్చాను. ఈరోజుకు ఆ కారు 31,000 కిలోమీటర్లు తిరిగింది. రెండు సెట్ల టైర్లు మార్చాను. ఇప్పుడు చెప్పండి, ఎవరు సిగ్గుపడాలి?

నిలువుగీత
ఇది మొదటి రోజే చెప్పి ఉండాల్సింది.

పాతఇంజను
31,000 నడిపినవాణ్ని నేనేమీ అనను. నా మాట దాచినవాళ్ల గురించే.

మూడోగేరు
దళారి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది తప్పు, మన్నించండి.

కానీ మీ అనుభవమే నా వాదనకు బలం అంటాను. మీరు అదనంగా పోసిన సొమ్ము ఎవరికి చేరింది? ఆ కారు గీసిన ఇంజినీరుకు కాదు, బిగించిన కార్మికుడికి కాదు, కంపెనీకి కూడా కాదు. నాలుగు రోజులు గరాజులో తాళం వేసి ఉంచినవాడికి. చొక్కా చూసి ఫారం దాచే షోరూమూ తప్పే, ఒప్పుకుంటాను. ఒక తప్పు తలుపు మూసింది. రెండో తప్పు ఆ తలుపు ముందు నిలబడి రుసుము వసూలు చేసింది. మీరు రుసుము కట్టగలిగారు, లోపలికి వెళ్లారు. నేను కట్టలేను. మీకు జరిగింది అవమానం, నాకు జరిగింది కూడా అవమానమే, డబ్బు రూపంలో.

దస్తావేజు
అసలు తగాదా ఇప్పుడు బయటపడింది. కారు ఎవరికి దక్కాలో ఎవరు తేల్చాలి అన్నదే ప్రశ్న. కంపెనీ తేలిస్తే పలుకుబడి ఉన్నవాడికి దక్కుతుంది. బజారు తేలిస్తే డబ్బున్నవాడికి దక్కుతుంది. అందుకే నాకు లాటరీ నచ్చుతుంది. టయోటా జపాన్‌లో జీఆర్ కరోలా అనే వేగమైన చిన్న కారును అలాగే ఇచ్చింది. లాటరీ చొక్కా చూడదు. దానికి ఏడాదిపాటు అమ్మకూడదన్న షరతు తోడైతే చాలు. పోర్షే స్పోర్ట్స్ కారు 911 ఎస్/టీ విషయంలో అమెరికాలో ఇంకో అడుగు వేశారు. మొదటి ఏడాది లీజుకే ఇచ్చారు. తన పేరు మీద లేని కారును ఎవరూ అమ్మలేరు.

ఇనుపగుర్రం
లాటరీకి నేను సిద్ధం. లీజుకు కాదు. పూర్తి ధర పెట్టేవాణ్ని ఏడాదిపాటు అనుమానితుడిలా చూడటం అది. ఇక డీలర్ల మాట ఎవరూ ఎత్తడం లేదు. అమెరికాలో కొత్త కారు అద్దానికి ధర చీటీ అంటించాలన్న చట్టం 1958లో వచ్చింది. ఆ చీటీ మీదిది తయారీదారు సూచించే ధర మాత్రమే. గిరాకీ ఉన్న మోడల్ వస్తే డీలరే దాని మీద వేలకు వేలు కలిపి అమ్ముతాడు. కంచే చేను మేస్తుంటే, గట్టు మీద నడిచేవాణ్ని పట్టుకుని కొడుతున్నాం.

పాతఇంజను
ఎక్కువ కార్లు చేస్తే అన్నీ సర్దుకుంటాయి. 2016లో పోర్షే 911 ఆర్ వచ్చింది. 991 కార్లే, మాన్యువల్ గేర్లే. చేతులు మారుతూ ధరలు కొత్త ధరకు ఎన్నో రెట్లు పెరిగాయి. మరుసటి ఏడాది 911లోనే జీటీ3 టూరింగ్ అనే మోడల్ తెచ్చారు. అదే తరహా ఇంజను, మాన్యువల్ గేర్లు, వెనక పెద్ద రెక్క లేదు, సంఖ్యకు పరిమితి లేదు. 911 ఆర్ మీద లెక్కలు వేసుకున్నవాళ్ల ధరలు దిగొచ్చాయి. ఏ ఒప్పందమూ చేయలేని పని ఆ ఒక్క మోడల్ చేసింది.

లెక్కలమనిషి
అంటే రెండో యజమాని ఎక్కువ పెట్టేది కారుకు కాదు, ఎదురుచూడకుండా తెచ్చుకునే వీలుకు. పాతఇంజను గారి మాటతో నా ప్రశ్నకు జవాబు దొరికింది. కానీ దాన్ని కొత్త కారు అని ప్రకటనలో రాయడం ఇప్పటికీ తప్పే.

మూడోగేరు
ఇనుపగుర్రం గారూ, అమ్మినవాడు చేసింది సరైనదని మీరు అనుకుంటే నేను ఎప్పటికీ ఒప్పుకోను. మీరు కొనడం మాత్రం తప్పనను.

ఒకటి అడగాలి. మీ కారు తీసుకున్నప్పుడు సీటు మీద ప్లాస్టిక్ ఉందా?

ఇనుపగుర్రం
ఉంది. అక్కడే, వాడి ముందే చింపేశాను.