ఎయిర్ పిస్టల్: చివరి 20 షాట్లలో స్కోరు జారిపోతోంది. లోపం గ్రిప్‌లోనా, ఒంట్లోనా, తిండిలోనా?

కృష్ణాతీరం:
నమస్తే అండి. మా అమ్మాయికి 15 ఏళ్లు, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్, కుడిచేతి వాటం. మొదటి నాలుగు సిరీస్‌లు (సిరీస్‌కి పది షాట్లు) 91, 93, 92, 92 అలా వస్తాయి. ఐదు, ఆరు సిరీస్‌లకి వచ్చేసరికి 87, 85. చెయ్యి బరువెక్కుతోందని, నడుం లాగుతోందని అంటుంది. మ్యాచ్ ఉదయం 9కి ఉంటే ఏమీ తినదు, కాఫీ తాగి వెళ్తుంది. కాళ్లకి మామూలు రన్నింగ్ షూస్. ఇంట్లో 2 కిలోల డంబెల్ చాచి పట్టుకుంటోంది. కొత్త గ్రిప్ కొనమంటున్నారు కొందరు. వణుకు తగ్గడానికి మాత్ర ఉందని ఇంకొకరు చెప్పారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

పదో_వలయం:
ముందు ఆ డంబెల్ ఆపించండి. ఆమె చేతిలో పిస్టల్ కిలోకి అటూ ఇటూగా ఉంటుంది. దానికి రెట్టింపు బరువు చాచి పట్టుకుంటే ఎదుగుతున్న పిల్లల భుజం మీద అనవసర భారం పడుతుంది తప్ప నిలకడ రాదు.

తర్వాత, చివరి 20 షాట్లు టార్గెట్ మీద ఎలా పరుచుకున్నాయో చూడండి. నిలువుగా సాగితే మణికట్టో భుజమో అలిసింది. అడ్డంగా సాగితే కాళ్లు, నడుం ఊగుతున్నాయి. గుంపు బాగానే ఉండి ఒకటి రెండు షాట్లు కింద ఎడమవైపు పడుతుంటే అది అలసట కాదు, ట్రిగ్గర్‌ని గుంజడం. ఈ మూడింటికీ మందు వేర్వేరు.

నా అంచనాకి అసలు కారణం పట్టు నిడివి. స్టాప్‌వాచ్ తీసుకుని, పిస్టల్ గురి ప్రాంతంలో కుదురుకున్న క్షణం నుంచి షాట్ దాకా లెక్కపెట్టండి. మొదటి సిరీస్‌లో 5 నుంచి 8 సెకన్లుంటే, చివర్లో 12, 14 కనిపిస్తుంది. ఊపిరి బిగబట్టి అంతసేపు ఉంటే చూపు మసకేస్తుంది, ముందు సైట్ (బారెల్ చివర ఉండే గురి ముక్క) నీడ కంట్లో అచ్చుపడిపోతుంది. సైట్ సరిగ్గా ఉన్నట్టే కనపడుతుంది, నిజంగా ఉండదు. 8 సెకన్లలో షాట్ వెళ్లకపోతే దించేయాలి. చివరి సిరీస్‌లో దించడానికి పిల్లలు భయపడతారు, టైం పోతుందేమోనని. అసలు 60 షాట్లకి 75 నిమిషాలు. సిరీస్‌కి 10 నిమిషాల చొప్పున వేసుకున్నా 15 నిమిషాలు మిగులుతాయి. 20వ షాట్ తర్వాత ఒకసారి, 40వ షాట్ తర్వాత ఒకసారి రెండేసి నిమిషాలు వెనక్కి వచ్చి కూర్చోమనండి.

వ్యాయామం వారానికి నాలుగు రోజులు చాలు:
– పిస్టల్ ఎత్తి, షాట్ లేకుండా తెల్లగోడ మీద 20 సెకన్ల పట్టు, 40 సెకన్ల విరామం, 10 సార్లు. మూడు వారాలకోసారి 5 సెకన్లు పెంచి 30 దగ్గర ఆపండి.
– రబ్బరు బ్యాండ్‌తో మోచేయి నడుముకి ఆనించి చేతిని బయటికి తిప్పడం, రెండు చేతులకీ 15 చొప్పున 2 సెట్లు. ఎడమచేతిని వదిలేస్తే వెన్ను ఒక పక్కకి లాగుతుంది.
– ప్లాంక్, సైడ్ ప్లాంక్, 30 సెకన్లు, మూడేసి సార్లు.
– కళ్లు మూసుకుని ఒంటికాలి మీద 30 సెకన్లు. పక్కన గోడ ఉండాలి.
– 40 నిమిషాల చురుకైన నడక.
మ్యాచ్‌కి ముందు రెండు రోజులు బరువులు, పుషప్స్ వద్దు. కండరం నొప్పిగా ఉంటే వణుకు ఎక్కువవుతుంది.

గ్రిప్‌పుట్టీ:
సామాను సంగతి నేను చెప్తాను. డబ్బు పెట్టాలంటే ముందు షూస్‌కి పెట్టండి. రన్నింగ్ షూ అడుగు మెత్తన, మడమ ఎత్తు. గంటకు పైగా నిలబడితే ఒళ్లు ముందుకి తూలుతుంది, దాన్ని ఆపుకోవడానికి నడుం పనిచేస్తూనే ఉంటుంది. నొప్పి అక్కడిదే అయ్యుండొచ్చు. బల్లపరుపు, గట్టి అడుగున్నవి కావాలి. పిస్టల్‌కి చీలమండని కప్పే షూస్ రూల్స్ ఒప్పుకోవు, అది చూసుకుని కొనండి.

గ్రిప్ మార్చే ముందు ఒక పరీక్ష. కళ్లు మూసి, పిస్టల్ ఎత్తి, నిలకడ అనిపించాక తెరవాలి. ముందు సైట్, వెనక సైట్ గాడి మధ్యలోనే ఉంటే గ్రిప్‌ది తప్పు లేదు. పదిసార్లలో ఏడెనిమిది సార్లు ఒకే పక్కకి పోతుంటే ఆ గ్రిప్‌నే ఉడ్ పుట్టీ, గరుకు కాగితంతో సరిచేయవచ్చు. ఒకేసారి మిల్లీమీటరు కంటే ఎక్కువ ముట్టుకోవద్దు. అరచేతి కింది పలకని చాలామంది బిగించేస్తారు. వేళ్లు తిమ్మిరెక్కి చివరి సిరీస్‌లో వణుకు వచ్చేది దాని వల్లే. చెయ్యి అంచుకీ పలకకీ మధ్య 1, 2 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచండి. ఎదిగే వయసు కాబట్టి ఆరు నెలలకోసారి మళ్లీ చూడాలి.

బారెల్ దగ్గర అదనపు బరువులు బిగించి ఉంటే తీసేయండి. మొదటి సిరీస్‌లో నిలకడ ఇచ్చే 20 గ్రాములే ఆరో సిరీస్‌లో మణికట్టుని కిందికి లాగుతాయి.

ట్రిగ్గర్ నొక్కడానికి పట్టే బరువు 500 గ్రాములకి తగ్గకూడదు. సరిగ్గా 500 మీద పెట్టుకుంటే తనిఖీలో బరువు నిలవక తిప్పి పంపొచ్చు. 510, 520 దగ్గర ఉంచుకోండి.

రెండో కంటికి కట్టుకునే అడ్డు నల్లది వద్దు. ఆ కన్ను చీకట్లో ఉంటే రెండు కనుపాపలూ పెద్దవవుతాయి. కాంతి వచ్చే తెల్లటిది, 30 మిల్లీమీటర్ల వెడల్పు దాటనిది పెట్టండి. ముందు సైట్ మసగ్గా ఉందంటే మాత్రం కంటి నుంచి ముందు సైట్ దాకా దూరం కొలిచి, కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. దూరపు పవర్‌కి +0.50 కలిపితే తరచూ సరిపోతుంది.

పిస్టల్‌కి గాలి నింపే సిలిండర్ మీద తయారీ తేదీ చూశారా? పదేళ్ల గడువు దాటితే వాడకూడదు. ఇది స్కోరు సంగతి కాదు, ప్రాణం సంగతి.

రాగిజావ:
ఖాళీ కడుపు, కాఫీ, పైగా మ్యాచ్ భయం. ఈ మూడూ కలిస్తే గంట తర్వాత చెయ్యి వణక్క ఏం చేస్తుంది? 9 గంటల మ్యాచ్‌కి 6, 6:30 మధ్య మూడు నాలుగు ఇడ్లీలు, లేదా పెసరట్టు ఒకటి, ఓ గుడ్డు. చట్నీ తక్కువ, నెయ్యి, నూనె తక్కువ. పూరీ, వడ, ముందురోజు రాత్రి బిర్యానీ వద్దు. ఏదీ దిగకపోతే రాగి జావ ఒక గ్లాసు, మజ్జిగ కలిపి, చిటికెడు ఉప్పుతో. భయంలో కూడా గొంతు దిగే తిండి అదే. మ్యాచ్ రోజు కొత్తగా ఏదీ మొదలుపెట్టకూడదు, ప్రాక్టీస్ రోజుల్లోనే రెండు వారాలు అలవాటు చేయండి.

కాఫీ రోజూ తాగే అలవాటుంటే మానిపించొద్దు, తలనొప్పి వస్తుంది. అదే గ్లాసు, అదే వేళకి, తిన్న తర్వాత. రెండోది వద్దు. నీళ్లు పొద్దున్నే 400 మిల్లీలీటర్లు, ఆ తర్వాత గుక్కలుగా. 40వ షాట్ విరామంలో సగం అరటిపండు లేదా రెండు ఖర్జూరాలు. పెల్లెట్లు సీసం, కాబట్టి చేతులు కడుక్కోకుండా తిండి ముట్టుకోకూడదు. పెల్లెట్ డబ్బా ఉన్న సంచిలో టిఫిన్ పెట్టొద్దు.

ఒక రక్తపరీక్ష కూడా చేయించండి, హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ). ఈ వయసు ఆడపిల్లల్లో ఐరన్ తక్కువ ఉండటం మామూలే. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే ఎంత వ్యాయామం చేయించినా అలసట పోదు. అన్నంతో పాటు టీ మానిపించి, పప్పు, తోటకూర మీద నిమ్మరసం పిండండి. మాంసాహారం తింటే లివర్ వారానికోసారి.

పదో_వలయం:
ఆ మాత్ర గురించి ఎవరూ చెప్పలేదు. వణుకు తగ్గించే మాత్ర అంటే దాదాపుగా ప్రొప్రనొలాల్ లాంటి బీటా బ్లాకరే (గుండె వేగం తగ్గించే మందు). షూటింగ్‌లో అది మ్యాచ్ రోజే కాదు, ఏడాది పొడవునా నిషిద్ధం. మైగ్రేన్‌కి కూడా డాక్టర్లు అదే రాస్తుంటారు, కాబట్టి ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా షూటర్ అని ముందే చెప్పండి. కొన్ని ముక్కు దిబ్బడ మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ ఉంటుంది, మ్యాచ్ రోజుల్లో దానికీ పరిమితి ఉంది. ఆ సలహా ఇచ్చినవాళ్ల మాట పాప చెవిన పడకుండా చూడండి.

కృష్ణాతీరం:
అందరికీ చాలా కృతజ్ఞతలండి. మాత్ర సంగతి విని గుండె ఝల్లుమంది. విరామంలో కూర్చోవచ్చన్నారు కదా, పిస్టల్ ఎలా వదిలి రావాలి? మళ్లీ మొదలుపెట్టే ముందు సైటింగ్ షాట్లు (స్కోరులో లెక్కపెట్టని, గురి సరిచూసుకునే షాట్లు) ఇస్తారా?

గ్రిప్‌పుట్టీ:
ఇవ్వరు. మ్యాచ్ మొదలయ్యాక సైటింగ్ ఉండదు, గడియారమూ ఆగదు. పిస్టల్ ఖాళీ చేసి, సేఫ్టీ ఫ్లాగ్ (పిస్టల్ ఖాళీగా ఉందని చూపే గుర్తు) పెట్టి, బల్ల మీద ఉంచి వెనక్కి రావాలి. తిరిగి వెళ్లాక పిస్టల్ మీటని డ్రై ఫైర్ వైపు తిప్పి, రెండు మూడు డ్రై ఫైర్లు (పెల్లెట్, గాలి లేకుండా ట్రిగ్గర్ నొక్కడం) చేసుకుని, ఆ మీటని మళ్లీ షాట్ వైపు తిప్పి, అప్పుడు పెల్లెట్ పెట్టమనండి. ఆ మీట తిప్పడం మరిచిపోతే షాట్ వెళ్లదు, గాబరాలో తర్వాతి షాట్ కూడా చెడుతుంది. ప్రాక్టీస్‌లో కూడా 40వ షాట్ తర్వాత ఇదే వరుస చేయించండి.