జార్‌లో తేరిన నీళ్లు ట్యాంకులో తేరుతలేవు, అనుభవం ఉన్నోళ్లు చెప్పండి

అందరికీ నమస్తే. హన్మకొండ దగ్గర చిన్న ఫిల్టర్‌బెడ్‌లో (తాగునీళ్లు శుద్ధి చేసే ప్లాంట్) ఆపరేటర్‌గా చేస్తున్న. వానలు మొదలైనప్పటి నుంచి చెరువు నీళ్లు చాయ రంగుకు తిరిగినయ్.

జార్ టెస్టులో (ఎంత పటిక పడుతదో జార్లలో తిప్పి చూసే పరీక్ష) లీటరుకు 40 మిల్లీగ్రాముల పటిక వేసి, 1 నిమిషం 100 ఆర్‌పీఎం, తర్వాత 20 నిమిషాలు 30 ఆర్‌పీఎం తిప్పితే సగ్గుబియ్యమంత తెట్టెలు కట్టి అడుగుకు దిగుతున్నయ్. పైనీళ్లు అద్దం లెక్క. అదే మోతాదు ప్లాంట్‌లో వేస్తే సన్నటి నలకలే. అవి దిగక పోయి ఇసుక బెడ్లను పట్టేస్తున్నయ్.

నాకు అనుమానం కలపడం మీదనే. పటికను నీళ్లల్ల జోరుగా కలిపే ఫ్లాష్ మిక్సర్ మోటార్ కాలి నెల దాటింది. ఇప్పుడు పటిక ద్రావణం పైపులోంచి కాలువకు ఒక పక్కనే పడుతుంది. టార్చి వేసి చూసిన, తెల్లటి చార గోడ వెంబడే చాలా దూరం పోతుంది. పటిక చర్య కొన్ని సెకన్లలోనే అయిపోతది కదా, ఆలోపే నీళ్లంతా అందాలె.

మోతాదు 60కి పెంచుమంటున్నరు. నాకు మనసొప్పుతలేదు, పీహెచ్ పడిపోతది (నీళ్లల్ల ఆమ్ల గుణం పెరుగుతది), తాగేది చిన్నపిల్లలు కూడా.

కాలువ చివర నీళ్లు అడుగున్నర కిందికి దుంకే చోటుంది. దానికి కొంచెం ముందు, కాలువకు అడ్డంగా చిల్లుల పైపు పెట్టి పటిక వదిలితే మిక్సర్ పని అయితదా? చిల్లులు ఎంత ఎడంగా ఉండాలె? ఇట్ల చేసినోళ్లుంటే దయచేసి చెప్పండి.