కొండరాతి కింద ఉండే స్విస్ చెక్కయిల్లు: మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వెళ్లగలరా?

ప్రశ్న (విజయనగరం)
జూన్‌లో అమ్మను తీసుకుని జ్యూరిక్‌లో తమ్ముడి దగ్గరకు వెళ్తున్నాను. నిట్టనిలువు కొండకు అతుక్కున్నట్టుండే ఏషర్ అనే చెక్కయిల్లు (అదొక హోటల్) ఫోన్‌లో చూసిన దగ్గర్నుంచి అక్కడికి తీసుకెళ్లమని ఒకటే గొడవ. రామతీర్థంలో బోధికొండ మెట్లు సగం ఎక్కి కూర్చుండిపోయిన మనిషి. నాకు టెన్షన్‌గా ఉంది. పైగా గుడ్డు కూడా ముట్టదు.

జవాబు (శ్రీకాకుళం)
వెళ్లొచ్చండి. జ్యూరిక్ నుంచి గోసావ్, అక్కడ రైలు మారి అపెన్‌జెల్ మీదుగా వాసెరావెన్. రెండు గంటలు వేసుకోండి. దిగగానే రోప్‌వే. అది ఎబెనాల్ప్ కొండ మీద, దాదాపు 1,590 మీటర్ల ఎత్తున దింపుతుంది. ఏషర్ ఉన్నది 1,454 దగ్గర. అంటే పోయేటప్పుడంతా దిగుడే, పావుగంట ఇరవై నిమిషాలు. తిప్పలన్నీ తిరిగొచ్చేటప్పుడే, ఆ ఎత్తంతా మళ్లీ ఎక్కాలి. అమ్మగారికి గంట పట్టినా పట్టనివ్వండి.

దారి విల్డ్‌కిర్హ్లి గుహలోంచి పోతుంది. ఒకప్పటి గుహ ఎలుగుబంట్ల ఎముకలు, నియాండర్తాల్ మనుషుల రాతి పనిముట్లు దొరికిన చోటు. లోపల మసక వెలుతురు, కాళ్ల కింద తడి. కమ్మీ పట్టుకుని నడవాలి. చీర కట్టుకున్నా పర్వాలేదు, చెప్పులు మాత్రం వద్దు.

2015లో నేషనల్ జియోగ్రాఫిక్ వాళ్ల పుస్తకం అట్టమీద ఈ ఇల్లు పడింది. ఇక జనమే జనం. ఆ చిన్న చోటులో తట్టుకోలేక, నడిపే దంపతులు 2018 సీజన్‌తో వదిలేశారు. ఇప్పుడు వేరేవాళ్లు నడుపుతున్నారు. శని, ఆదివారాలు వద్దు. మబ్బు పట్టిన రోజు అసలే వద్దు.

తిండికి రోష్టి అడగండి. బంగాళాదుంప తురిమి పెనం మీద అట్టులా కాలుస్తారు. పంది మాంసం, గుడ్డు వెయ్యొద్దని ముందే చెప్పాలి.

మరొకరు (బొబ్బిలి)
కింద సీయాల్ప్‌జే చెరువుకి దిగిపోతే మళ్లీ ఎక్కే పనుండదు కదా?

జవాబు (శ్రీకాకుళం)
ఆ సలహా ఇవ్వకండి బాబూ. మూడొందల మీటర్లకు పైగా నిటారు దిగుడు, కాలు జారి ప్రాణాలు పోయినవాళ్లున్నారు. చెరువు దగ్గర్నుంచి స్టేషన్‌కి మళ్లీ గంట నడక.

ప్రశ్న అడిగినవారు
థాంక్సండి. అమ్మ బూట్లకు ఒప్పుకుంది. పులిహోర మూట మాత్రం మానదట.

జవాబు (శ్రీకాకుళం)
తెచ్చుకోనివ్వండి. హోటల్ బల్లల మీద విప్పకుండా, పైన రోప్‌వే దగ్గరే తినేసి దిగండి.